పిల్లవాడిని గమనించే పెద్దలు, ఆ పెద్దలను గమనించేవారు

పద్నాలుగేళ్ల మగపిల్లవాడు తనంతట తాను వచ్చి కష్టం చెప్పుకోవడం అరుదు. ఇంట్లో అడిగితే ‘ఏమీ లేదు’ అంటాడు, స్కూల్లో అడిగితే నవ్వి తప్పించుకుంటాడు. ఆ మౌనం పెద్దయ్యాక ఎక్కడికి దారితీస్తుందో ఆస్ట్రేలియాకు బాగా తెలుసు. అక్కడ ఆత్మహత్య చేసుకునేవారిలో దాదాపు నాలుగింట మూడొంతులు పురుషులే. ఆ దేశంలో ప్రతి ఐదుగురు విద్యార్థుల్లో ఒకరు కాథలిక్ స్కూల్లో చదువుతున్నారు. వాటిలోని మగపిల్లల స్కూళ్లు ‘పాస్టోరల్ కేర్’ పేరిట పిల్లల యోగక్షేమాలు చూసే ఒక ఏర్పాటును ఏళ్ల తరబడి పెంచి పోషించాయి. అందులో మనం నేర్చుకోవలసినది చాలా ఉంది, భయపడవలసినదీ ఉంది.

చాలా స్కూళ్లలో ఈ ఏర్పాటుకు ఆయువుపట్టు ఉదయం పూట కాసేపు జరిగే హోమ్‌రూమ్. ఏడో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా కొందరేసి పిల్లలను కలిపి ఒక గుంపుగా చేస్తారు. దానికి ఒక ట్యూటర్ ఉంటారు. వీలైనంత వరకు ఏటేటా ఆయనే కొనసాగుతారు. ఆ కాసేపట్లో పాఠం ఉండదు, పరీక్ష ఉండదు. హాజరు వేస్తూ ఆయన చూసేది వేరు: ఎవరు మూడు రోజులుగా అదే మాసిన చొక్కాతో వస్తున్నారు, నిన్నటిదాకా పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఈరోజు చెరో మూలకు ఎందుకు పోయారు, ఎప్పుడూ వాగే పిల్లవాడు వారం రోజులుగా తలెందుకు ఎత్తడం లేదు. తేడా కనిపిస్తే ఆ మాట హౌస్ (ఇలాంటి గుంపులు కొన్ని కలిసిన పెద్ద బృందం) బాధ్యుడికి, అవసరమైతే కౌన్సెలర్‌కు చేరుతుంది. చాప్లిన్ (స్కూల్లో ఆధ్యాత్మిక బాగోగులు చూసే వ్యక్తి) కూడా ఉంటారు కానీ చాలామంది పిల్లలు మొదట నోరు విప్పేది తమను రోజూ చూసే ట్యూటర్ దగ్గరే. కొత్తగా చేరిన ఏడో తరగతి పిల్లవాడి పక్కన పన్నెండో తరగతి కుర్రాడు కూర్చోవడం కూడా చిన్న విషయం కాదు. పెద్దవాడు తన భయాన్ని దాచుకోకుండా మాట్లాడితే, అది చిన్నవాడికి ఏ ఉపన్యాసమూ నేర్పలేని పాఠం.

అయితే పిల్లలకు అంత దగ్గరగా మసలే అధికారాన్ని ఇదే సంస్థలు ఒకప్పుడు ఎలా వాడుకున్నాయో మరిచిపోయి మెచ్చుకోవడం అన్యాయం. విక్టోరియా రాష్ట్రంలోని బల్లారట్ పట్టణంలో సెయింట్ అలీపియస్ మగపిల్లల స్కూలు ఉండేది. 1970ల తొలినాళ్లలో అక్కడ పనిచేసిన చాప్లిన్, హెడ్‌మాస్టర్‌గా ఉన్న ‘బ్రదర్’ (కాథలిక్ సన్యాసి) ఇద్దరూ పిల్లలపై లైంగిక నేరాలకు పాల్పడ్డారని తర్వాత కోర్టులు తేల్చాయి. కష్టం చెప్పుకోవలసిన మనిషే కష్టపెడుతుంటే ఆ పసివాళ్లు ఎవరి దగ్గరకు వెళ్లాలి?

2013లో మొదలై 2017 డిసెంబరులో తుది నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ (ఆస్ట్రేలియా ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. 1980 నుంచి 2015 ఫిబ్రవరి వరకు 4,444 మంది తమపై బాల్యంలో జరిగిన అఘాయిత్యాల గురించి కాథలిక్ సంస్థలకు ఫిర్యాదు చేశారని లెక్కతేల్చింది. వారిలో ఎక్కువమంది మగవారు. 1950-2010 మధ్య స్కూళ్లు నడిపే క్రిస్టియన్ బ్రదర్స్ అనే సన్యాస సభలో 22 శాతం మంది సభ్యులపై ఆరోపణలు వచ్చాయి. నన్ను అన్నిటికన్నా కలచివేసే అంకె మరొకటి: అఘాయిత్యం జరిగిన నాటికీ ఫిర్యాదు చేసిన నాటికీ మధ్య సగటున 33 ఏళ్లు. పదేళ్లప్పుడు దెబ్బతిన్నవాడు నలభై దాటాక నోరు తెరిచాడన్నమాట. 2015లో బల్లారట్‌లోని ఆ పాత స్కూలు కంచెకు బాధితులకు అండగా జనం కట్టిన రంగురంగుల రిబ్బన్లు అన్నేళ్ల మౌనానికి జవాబుగా కట్టినవే.

తర్వాత వచ్చిన చట్టాల సారాంశం ఒక్కటే: మంచితనాన్ని నమ్ముకుని ఊరుకోకూడదు. స్కూలు సిబ్బందిపై ఆరోపణ వస్తే దాన్ని బయటి సంస్థకు తెలపాలన్న నిబంధన విక్టోరియాలో 2017 జులైలో అమల్లోకి వచ్చింది. 2020 ఫిబ్రవరి నుంచి అక్కడ చర్చి గురువులు (ఫాదర్లు) కూడా అనుమానాన్ని అధికారులకు చెప్పి తీరాలి. పాపసంకీర్తనంలో (భక్తులు తమ పాపాలను గురువుకు రహస్యంగా చెప్పుకునే ఆచారంలో) విన్నాను కాబట్టి చెప్పను అనడానికి వీల్లేదు. కాథలిక్ పీఠాధిపతులు (బిషప్పులు) దీన్ని వ్యతిరేకించారు. వారి మతపరమైన ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కానీ పిల్లవాడి రక్షణ దానికన్నా పెద్దది.

ఈ కట్టుదిట్టాల వల్ల మరో ప్రమాదం ఉంది. ఎక్కడ తప్పుపడతారోనని ఉపాధ్యాయులు పిల్లలకు దూరం జరిగి, ఫారాలు నింపడంతో సరిపెట్టవచ్చు. అప్పుడు పిల్లవాడు మళ్లీ ఒంటరివాడే అవుతాడు. తలుపుకు అద్దం ఉన్న గదిలో, నలుగురికీ కనిపించేలా కూర్చుని, కుర్రాడు చెప్పేది అరగంట వినే ట్యూటర్‌కు ఫారం అడ్డు కాదు. ఆ అరగంటను టైంటేబుల్లో కేటాయించని యాజమాన్యమే అడ్డు.

మెల్‌బోర్న్, సిడ్నీ నగరాల్లోని మన కుటుంబాల పిల్లలూ ఇలాంటి స్కూళ్లకు వెళుతున్నారు. మీటింగుకు వెళ్లినప్పుడు మార్కుల గురించి అడిగి వచ్చేయకండి. మీవాడి ట్యూటర్ ఎవరో తెలుసుకుని, ఆయనతో పది నిమిషాలు మాట్లాడండి. ఆయన మతబోధకు పిలుస్తున్నారని జంకనక్కర్లేదు. వాడు రాత్రి ఎన్నింటికి నిద్రపోతున్నాడని ఆయన అడిగితే, దాచకుండా చెప్పండి.

ఇక మన రెండు రాష్ట్రాల రెసిడెన్షియల్ కాలేజీల సంగతి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. చిన్న చిన్న బృందాలకు మెంటార్లను ఇవ్వాలంది. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టవద్దని, నలుగురిలో అవమానించవద్దని కోచింగ్ సంస్థలకు చెప్పింది. జిల్లాల్లో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీలు ఉండాలని కూడా ఆదేశించింది.

కౌన్సెలర్ పేరు గోడమీద రాసి పెట్టడం తేలిక. మెంటార్లు అసలు ఉన్నారా, ఉంటే ఎంతమందికి ఒకరు, వారికి పాఠాల బరువు తగ్గించారా, పిల్లవాడు వార్డెన్ మీదే ఫిర్యాదు చేయాలంటే ఆ కాగితం క్యాంపస్ దాటి వెళ్లే దారి ఉందా అన్నవి కలెక్టర్ల కమిటీలు హాస్టళ్లకు వెళ్లి, యాజమాన్యాన్ని బయట కూర్చోబెట్టి, పిల్లలనే అడగాలి.