వెర్షన్ నంబర్ రాయండి, నాయనా!

పోస్ట్ కాస్త పొడుగు. గ్రాఫ్ థియరీతో పరిచయం లేనివాళ్లు కూడా ఓపిగ్గా చదవండి, అర్థమయ్యేలాగే రాస్తాను. ఇక్కడ గ్రాఫు అంటే కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు, అంతే. నెల రోజులుగా ఈ విషయం మనసులో నలుగుతోంది.

తిరుపతిలో ఒక కాలేజీలో లెక్కలు చెప్తాను. నా దగ్గర పరిశోధన చేస్తున్న అబ్బాయి ఒకరోజు పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "మేడమ్, ఎనిమిది బిందువుల గ్రాఫులు పంతొమ్మిది వేలు దాటి వస్తున్నాయి" అన్నాడు. నా గుండె కూడా ఝల్లుమంది. ఎందుకంటే ఎనిమిది బిందువులతో గీయగలిగే వేర్వేరు గ్రాఫులు 12,346 మాత్రమే. ఈ లెక్క ఏనాడో తేలిపోయింది. అంటే రెండేళ్లుగా వాడు కూర్చుకుంటూ వచ్చిన పట్టికలో ఒకే గ్రాఫు రెండు పేర్లతో దూరి కూర్చుంది. అలాంటివి వేలు. వాడి ప్రోగ్రామ్‌లో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

ఏం జరిగిందో చెప్పాలంటే ముందు పులి-మేక ఆట గురించి చెప్పాలి.

చిన్నప్పుడు సెలవులకి పాకాల దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లేవాళ్లం. అక్కడ గుడి మండపంలో బండ మీద పులి-మేక గీతలు చెక్కి ఉండేవి. పైన కొండ కొమ్ములా ఒక బిందువు. అక్కడి నుంచి కిందికి నాలుగు గీతలు. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, ఆ అడ్డగీతల కొసలు కలుపుతూ రెండు పక్కలా నిలువు గీతలు, అన్నిటికన్నా అడుగున ఇంకో గీత. మొత్తం 23 బిందువులు. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకి గులకరాళ్లు, మేకలకి చింతగింజలు. పెద్దవాళ్లు బండ మీద ఆడుతుంటే నేనూ మా అక్కా వరండాలో సుద్దముక్కతో గీసుకునేవాళ్లం. మా గీతలన్నీ వంకర టింకర. కొమ్ము ఎటో ఒరిగిపోయేది. అయినా ఆట అదే. ఏ బిందువు నుంచి ఏ బిందువుకి దారి ఉందో అదే ముఖ్యం కానీ బొమ్మ ఎంత అందంగా ఉందన్నది కాదు. బండ మీది బోర్డు, వరండాలోని బోర్డు ఐసోమార్ఫిక్ అని క్లాసులో చెప్తే పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు అదే బోర్డుని ఎడమ కుడి తిప్పేయండి. దారులు చెక్కుచెదరవు. అలా దారులు చెడకుండా బిందువుల చోట్లు మార్చడాన్నే ఆటోమార్ఫిజం అంటారు. ఈ బోర్డుకి అవి రెండే: ఏదీ కదపకుండా వదిలేయడం, ఎడమ కుడి తిప్పడం. నాటీ అనే టూల్‌తో పాటు వచ్చే డ్రెడ్‌నాట్ ప్రోగ్రామ్‌కి ఈ బోర్డు ఇచ్చి చూడండి. గ్రూపు సైజు (అంటే ఆటోమార్ఫిజమ్స్ ఎన్నో) 2, ఆర్బిట్లు (అంటే ఒకదాని చోటికి ఒకటి రాగల బిందువుల గుంపులు) 12 అని రెప్పపాటులో చెప్తుంది. కొమ్ము ఒక్కటే కదలదు, మిగతా 22 బిందువులూ పదకొండు జంటలుగా చోట్లు మార్చుకుంటాయి. పిల్లల చేత ముందు చేత్తో లెక్క పెట్టించి, ఆ తర్వాత తెర మీద ఆ 12 చూపిస్తాను. అప్పుడు వాళ్ల కళ్లల్లో వెలుగు చూడాలి.

ఇక అసలు సంగతి. 23 బిందువులకి నేనో రకంగా నంబర్లు వేస్తాను, మా అక్క ఇంకో రకంగా వేస్తుంది. రెండూ ఒకే బోర్డు అని తేల్చడానికి అన్ని రకాల నంబర్లూ వేసి చూద్దామంటే కుదిరే పని కాదు. పది బిందువులకే 36,28,800 రకాలు. అందుకే ఈ టూల్స్ తెలివిగా వెతికి, ఏ నంబర్లతో ఇచ్చినా ఆ గ్రాఫుకి ఒకటే ఖాయమైన రూపం ఇస్తాయి. దాన్ని కెనానికల్ లేబులింగ్ అంటారు. మా అబ్బాయి చేసిందల్లా ప్రతి గ్రాఫుకీ ఆ రూపం తీసి ఫైల్లో దాచుకోవడం, కొత్త గ్రాఫు రాగానే ఫైల్లో ఉందో లేదో చూడటం. మంచి పద్ధతే. అందరూ చేసేదే.

కానీ ఆ ఖాయమైన రూపం ఆ టూల్‌కి ఖాయం. లోకానికంతటికీ కాదు. ఒకే మనిషికి రేషన్ కార్డు నంబరొకటి, ఓటరు కార్డు నంబరొకటి ఉంటాయి. రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి, కలవలేదు కాబట్టి వీళ్లిద్దరూ వేరు మనుషులు అంటే ఎలా? మా దగ్గర జరిగింది సరిగ్గా ఇదే. వాడు సేజ్‌మ్యాథ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామ్ రాశాడు. సేజ్‌లో ఈ పనికి సొంత పద్ధతి ఒకటుంది. బ్లిస్ అనే ఇంకో ప్యాకేజీ కూడా ఉంటే, మనం ఫలానాది కావాలని చెప్పనప్పుడు వీలైన చోటల్లా బ్లిస్‌నే వాడుకుంటుంది. వేసవి సెలవుల్లో ల్యాబ్ సిస్టమ్స్ ఫార్మాట్ చేసి కొత్తగా అన్నీ ఎక్కించారు, బ్లిస్‌తో సహా. జూన్‌లో వాడొచ్చి పాత ఫైలు తెరిచి పని కొనసాగించాడు. పాత సగం ఒక పద్ధతిలో పెట్టిన పేర్లు, కొత్త సగం ఇంకో పద్ధతిలో పెట్టిన పేర్లు.

ఇందులో టూల్స్ తప్పు ఏమీ లేదు. ఒకే అల్గారిథమ్‌తో తీసిన రూపాలనే పోల్చుకోమని సేజ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు. నాటీతో వచ్చే లేబెల్‌జీ ప్రోగ్రామ్ హెల్ప్ తెరిచినా అంతే. స్పార్స్ ఆప్షన్ పెట్టినా, ట్రేసెస్ అనే తోడు ప్రోగ్రామ్ వాడమన్నా కెనానికల్ లేబులింగ్ మారుతుందని అక్కడే చెప్తారు. వాడు చదవలేదు. గైడ్‌గా నేనూ చదివించలేదు. ఆ బాధ్యత నాది.

నిద్ర పట్టనిది ఎందుకంటే, ఎనిమిది బిందువుల లెక్క ముందే తెలుసు కాబట్టి దొరికాం. వాడి అసలు పని పద్నాలుగు బిందువుల మీద, ఒక ప్రత్యేక లక్షణం ఉన్న గ్రాఫుల మీద. అక్కడ సరిచూసుకోవడానికి ముందుగా తెలిసిన సంఖ్య ఏదీ లేదు. కంప్యూటర్ ఏం చెప్తే అదే మా సిద్ధాంతం. పేపర్ పంపడానికి వారమే ఉంది. వాడు ఆ రోజు ఎందుకో ఎనిమిదితో ఒకసారి చూద్దాం అనుకోకపోతే, తప్పు సంఖ్య అచ్చయ్యేది. ఆ తర్వాత ఎవరో దాన్ని నమ్మి దాని మీద ఇంకో పేపర్ కట్టేవాళ్లు.

ఈ తప్పుని సరిదిద్దడం పెద్ద కష్టం కాదు కూడా. దాచిన ప్రతి రూపమూ గ్రాఫే కదా, ఫైలు మొత్తాన్ని ఒకే టూల్‌లో మళ్లీ నడిపి, రెండోసారి వచ్చినవాటిని తీసేస్తే సరిపోతుంది. రాత్రంతా నడిచింది, పొద్దున్నకి తేలిపోయింది. తప్పు పట్టుకోవడమే కష్టం.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను: టూల్ పేరు, వెర్షన్ నంబరు, వాడిన ఆప్షన్లు ఫలితంలో భాగం. అవి లేని సంఖ్య సగం సంఖ్యే.

మన థీసిస్‌లు ఒకసారి తెరిచి చూడండి. మార్జిన్ ఎంత ఉండాలో, అక్షరాల సైజు ఎంతో, బైండింగ్ ఏ రంగులో ఉండాలో అన్నిటికీ రూల్సున్నాయి. ప్లేజరిజం సర్టిఫికెట్ జత చేయాలి. కానీ లెక్క ఏ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందో రాయడానికి ఒక గడి లేదు. "కంప్యూటర్ సాయంతో కనుగొన్నాం" అని ఒక్క ముక్క రాసేసి ముందుకు పోతారు. ఏ కంప్యూటరయ్యా? ఏ ప్రోగ్రామ్? వైవాలకి వెళ్లిన చోటల్లా ఈ ప్రశ్న అడుగుతాను. అభ్యర్థి గైడ్ వైపు చూస్తాడు, గైడ్ కిటికీ వైపు చూస్తారు.

ఒక్క మాటతో వాళ్లు దాటేసేది ఎవరి శ్రమనో తెలుసా? బ్రెండన్ మెకే అనే ఆస్ట్రేలియా గణితవేత్త 1981లో ఈ కెనానికల్ లేబులింగ్ పద్ధతి మీద పేపర్ రాశారు. నాటీ ఆయనదే. "నో ఆటోమార్ఫిజమ్స్, యెస్?" అనే మాటల్లోంచి ఆ పేరు తీశారు. నాలుగు దశాబ్దాలు దాటినా దానికి కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. రోమ్‌లో సపియెంజా యూనివర్సిటీకి చెందిన అడాల్ఫో పిపెర్నో ట్రేసెస్ తయారు చేశారు. 2013లో 2.5 వెర్షన్ నుంచి రెండూ ఒకే ప్యాకేజీలో వస్తున్నాయి. నాటీని ముప్పుతిప్పలు పెట్టే కొన్ని మొండి గ్రాఫుల్ని ట్రేసెస్ తేలిగ్గా తేల్చేస్తుంది. ఫిన్లాండ్‌లో జుంటిలా, కాస్కీ కలిసి బ్లిస్ రాశారు. మిషిగన్ వాళ్ల సాసీ ఉంది. ఆండర్స్, ష్వైట్జర్‌ల డెజావు ఈమధ్య వచ్చింది. అది కొంత యాదృచ్ఛికత వాడుకుని సిమెట్రీలు వెతుకుతుంది. లేని సిమెట్రీని ఉందని చెప్పదు కానీ, చాలా తక్కువ అవకాశంతో ఉన్నదాన్ని వదిలేయవచ్చు. చూడండి, టూల్ పేరు రాయకపోతే ఈ తేడా చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

లైసెన్స్ కూడా అప్‌డేట్‌లో భాగమే. ఒకప్పుడు నాటీని లాభానికి అమ్ముకోకూడదు, సైనిక అవసరాలకి వాడకూడదు అని షరతులుండేవి. 2016లో 2.6 వెర్షన్ నుంచి వ్యాపారానికీ వాడుకోనిచ్చే అపాచీ లైసెన్స్ కిందికి వచ్చింది. స్టార్టప్‌లో చేరిన నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి "మా ప్రొడక్ట్‌లో వాడుకోవచ్చా మేడమ్?" అని అడిగితే నేను తిరిగి అడిగిన ప్రశ్న అదే: ఏ వెర్షన్ అమ్మా?

పిల్లలు ఇంకో మాట అంటుంటారు. రెండు గ్రాఫులు ఒకటేనా అని తేల్చే ఈ సమస్యకి 2015లో లాస్లో బాబాయి అనే గణితవేత్త దాదాపు బహుపది కాలంలో (అంటే బిందువులు పెరిగినా సమయం మరీ విపరీతంగా పెరగకుండా) నడిచే అల్గారిథమ్ ప్రకటించారు కదా, ఇంకా ఈ పాత టూల్స్ ఎందుకని. ఆ ఫలితం గొప్పది, సందేహం లేదు. 2017 జనవరిలో హెల్ఫ్‌గాట్ అనే ఇంకో గణితవేత్త అందులో ఒక పొరపాటు పట్టుకుంటే, బాబాయి కొన్ని రోజుల్లోనే సరిచేసి మళ్లీ నిలబెట్టారు. కానీ అది సిద్ధాంతం. మన ల్యాబులో గ్రాఫులు తేల్చేది నాటీ, ట్రేసెస్, బ్లిస్‌లే.

"పనిచేస్తోంది కదా, అప్‌డేట్ జోలికి పోవద్దు" అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఒక చోట పదేళ్ల నాటి వెర్షన్ ఇంకా నడుపుతున్నారు. అడిగితే అదే భద్రం అంటారు. ఈ పదేళ్లలో ఏ బగ్గులు సరిచేశారో చేంజ్ నోట్స్ ఒక్కసారి చదివారా అంటే జవాబు లేదు. అప్‌డేట్ చేయండి. చేసే ముందు నోట్స్ చదవండి, చేశాక పరీక్షించండి. నాటీ ప్యాకేజీలోనే టెస్టులు నడిపే ఏర్పాటు ఉంది. నేనైతే ఇంకో మూడు చూస్తాను. ఎనిమిది బిందువుల గ్రాఫులు 12,346 రావాలి, పీటర్సన్ గ్రాఫు అనే పేరున్న పది బిందువుల గ్రాఫుకి ఆటోమార్ఫిజమ్స్ 120 రావాలి, మా అమ్మమ్మ వాళ్ల ఊరి బోర్డుకి 2 రావాలి. ఐదు నిమిషాల పని.

కెమిస్ట్రీ వాళ్లు ఈ నొప్పిని మనకన్నా ముందే గుర్తించారు. అణువు కూడా గ్రాఫే కదా. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో కెనానికల్ స్మైల్స్ (అణువుని అక్షరాల వరుసగా రాసే రూపం) ఇస్తుంది, ఒకే సాఫ్ట్‌వేర్‌లోనూ వెర్షన్ మారితే అది మారవచ్చు. అందుకే అందరికీ ఒకటే గుర్తింపు ఉండాలని కెమిస్ట్రీ వాళ్ల అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ తరఫున ఇన్‌చి తెచ్చారు, 2009లో దానికి స్టాండర్డ్ రూపం కూడా ఇచ్చారు. మామూలు గ్రాఫులకి మనకి అలాంటిది లేదు. లేనప్పుడు రాసుకోవడం ఒక్కటే దారి.

ఇప్పుడు తిరుపతి చుట్టుపక్కల ఎస్వీయూ, మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్ అన్నీ ఉన్నాయి. నా కోపం వీటిలో ఏ ఒక్కదాని మీదా కాదు. ఇన్ని చోట్ల ఇంతమంది పిల్లలు లెక్కలు నడుపుతున్నారు కాబట్టి అడుగుతున్నాను: ప్రతి ల్యాబులో ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎవరు ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ చేశారు, పాత వెర్షనేది, కొత్తదేది, ఇంతే రాయండి. ఫార్మాట్ చేసే ముందు నడుస్తున్న పని ఉన్నవాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి. మా ల్యాబులో ఆ రోజే ఒక లాంగ్‌నోట్‌బుక్ తాడు కట్టి వేలాడదీశాం. నెలలో నాలుగు పేజీలు నిండాయి.

మా అబ్బాయి ప్రోగ్రామ్‌లో ఇప్పుడు ఏ అల్గారిథమ్ వాడాలో పేరు పెట్టి చెప్తున్నాడు, సిస్టమ్‌లో ఏమున్నా అదే నడిచేలా. ఫైలు మొదటి వరుసలో టూల్, వెర్షన్, తేదీ ఉన్నాయి. నిన్న సాయంత్రం మళ్లీ నడిపి చూపించాడు. ఎనిమిదికి 12,346 వచ్చింది. పద్నాలుగు బిందువుల సంఖ్య ముందు అనుకున్నదానికన్నా చాలా తగ్గింది. పేపర్ మూడో పేజీలో అవన్నీ ఒకే వాక్యంలో రాశాడు. పేజీలు ఎక్కువవుతున్నాయి, ఆ వాక్యం తీసేయండని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు. తీయొద్దని చెప్పాను.