సవరణ: అమ్హారిక్‌ ప్రేరణార్థకాల్లో 'అ-', 'అస్-'

ఇథియోపియా భాష అమ్హారిక్‌లో అకర్మక క్రియకు 'అ-', సకర్మక క్రియకు 'అస్-' చేరి ప్రేరణార్థకం (పని చేయించడాన్ని చెప్పే రూపం) వస్తుందని ఈ శీర్షికలో ముందు రాశాం. అది తప్పు. విభజన కర్మ ఉందా లేదా అన్నదాని మీద లేదు.

'ఫెల్లా' (మరిగింది) నుంచి 'అఫెల్లా' (మరిగించాడు) వస్తుంది. ఇంతవరకూ పాత సూత్రం నిలుస్తుంది. కానీ 'రోతె' (పరుగెత్తాడు) కూడా అకర్మకమే. దాని ప్రేరణ 'అస్రోతె'. 'చెఫ్ఫెరె' (నాట్యం చేశాడు) కూడా అంతే, 'అస్చెఫ్ఫెరె'. కర్త తన ఇష్టంతో చేసే అకర్మక క్రియలకు 'అస్-' కావాలి. మరిగే నీళ్లలా, మార్పు తనకే జరిగే కర్త ఉంటే 'అ-' చాలు.

అసలు చిక్కు సకర్మకాల్లో ఉంది. 'గెద్దెలె' (చంపాడు) నుంచి 'అస్గెద్దెలె' (చంపించాడు) సరే. మరి 'బెల్లా' (తిన్నాడు)? 'అబెల్లా' (తినిపించాడు)! 'లెబ్బెసె' (తొడుక్కున్నాడు) కూడా 'అలెబ్బెసె' (తొడిగాడు). ఇవి సకర్మకాలే అయినా, పని ఫలితం కర్త ఒంటికే చేరుతుంది. అందుకే వ్యాకరణం వీటిని 'మరుగు' పక్కన కూర్చోబెడుతుంది. విభజన కర్మ మీద లేదనడానికి ఎంతో విలువైన సాక్ష్యం ఇది.

మరో పొరపాటు: 'సాకె' (నవ్వాడు) ప్రేరణను 'అసాకె' అని ఇచ్చాం. సరైనది 'అస్సాకె'. ఇథియోపియా లిపి ద్విత్వాన్ని చూపదు కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సకారంతో మొదలయ్యే ధాతువులతో ఈ ఉపసర్గలను పరీక్షించేటప్పుడు రాతను నమ్మకండి, ఉచ్చారణ వినండి.