పాత టార్చిలో ఎల్‌ఈడీ: వాట్ల లెక్క ఒక్కటే చాలదు

నికెల్ పూత పోయి ఇత్తడి బయటపడ్డ మూడు సెల్లుల టార్చిలైటు మన ఊళ్లలో ఏ అటక వెతికినా దొరుకుతుంది. పారేయడానికి మనసు రాదు, వాడదామంటే వెలుతురు ఆనదు. ఇప్పుడు పాత బల్బు తీసి అదే గుంటలో కూర్చోబెట్టే ఎల్‌ఈడీ బల్బులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పది రెట్లు వెలుగని అమ్మేవాళ్ల మాట. అందులో అబద్ధమేమీ లేదు. రెండు సెల్లుల పాత బల్బు 2.4 వోల్టుల దగ్గర అర యాంపియర్ తీసుకుని, అంటే 1.2 వాట్లు మింగి, ఇచ్చేది దాదాపు 10 ల్యూమెన్లు (బల్బు చిమ్మే మొత్తం వెలుగుకి కొలత). నేటి ఎల్‌ఈడీ ఒక్క వాటుకే 100 ల్యూమెన్లు ఇస్తుంది. అయినా ఆ బల్బు కొనే ముందు ఆలోచించాల్సింది ఎంత వెలుగని కాదు, ఆ లైటు పట్టుకుని ఎక్కడికి వెళ్తామని.

మన దగ్గర ఆ జవాబు చాలాకాలం ఒకటే: చేనుకి. రాత్రిపూట కరెంటు ఇస్తే మోటారు వేయడానికి రైతు ఆ చీకట్లోనే గట్టు మీద నడవాలి. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నారు, ఆంధ్రాలో పగలే 9 గంటలు అన్నారు. అయినా నీళ్లు కట్టడం, పందుల కాపలా, కళ్లంలో ధాన్యం దగ్గర పడుకోవడం ఎక్కడికీ పోలేదు. నేను మాట్లాడేది ఆ లైటు గురించి. కరెంటు పోతే వంటింట్లో వెలిగించుకునేదానికి ఏ బల్బయినా ఒకటే.

ముందుగా పైసా ఖర్చు లేని పని. వెనక మూత విప్పి స్ప్రింగు చూడండి. పచ్చటి చిలుము, తెల్లటి పొడి కనిపిస్తే సగం రోగం అక్కడే ఉంది. స్విచ్చి రేకు, స్ప్రింగు, బల్బు అడుగు చిలుము పట్టి దారిలో అర ఓం అడ్డం పడితే, అర యాంపియర్ దగ్గర పావు వోల్టు పోతుంది. పావు వోల్టే కదా అనిపిస్తుంది. కానీ తీగ బల్బు వెలుగు వోల్టేజీ తగ్గినదానికన్నా మూడింతలకు పైగా వేగంతో పడిపోతుంది. 2.4 వోల్టుల బల్బుకి 2.15 అందితే మూడో వంతు వెలుగు మాయం. గరుకు కాగితంతో నాలుగు సార్లు రుద్దితే అది తిరిగి వస్తుంది. బల్బు ముసలిదయిందని తిట్టుకునేవాళ్లు ఈ పని చేసి చూడటం అరుదు.

అసలు చిక్కు వోల్టేజీది. తెల్ల ఎల్‌ఈడీ సరిగ్గా వెలగాలంటే 3 వోల్టుల దాకా కావాలి. రెండు సెల్లులు కొత్తవిగా ఉన్నప్పుడు 3 వోల్టులు, అరిగేకొద్దీ 2కి దిగుతాయి. అందుకే రెండు సెల్లులకు సరిపోయే ఎల్‌ఈడీ బల్బు అడుగున వోల్టేజీ పెంచే చిన్న సర్క్యూట్ ఉంటుంది. సెల్లులు నీరసపడినకొద్దీ అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. 3 వోల్టుల దగ్గర 0.4 యాంపియర్ తీసుకున్నది, 2 వోల్టుల దగ్గర 0.6 తీసుకుంటుంది. వెలుగు మాత్రం చివరిదాకా మసకబారదు. ప్రకటనల్లో దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇదే పెద్ద లోపంగా కనిపిస్తుంది. పాత బల్బు ఎర్రబడుతూ, పసుపు తిరుగుతూ, ఇంటికి పొమ్మని అరగంట ముందే చెప్పేది. ఈ సర్క్యూట్ చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది, అదీ మడి మధ్యలో.

మూడు సెల్లుల టార్చి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 4.5 వోల్టులు చేతిలో ఉన్నాయి కాబట్టి పెంచే సర్క్యూట్ అక్కర్లేదు. ఎల్‌ఈడీకి వరుసలో 4.7 ఓంల, 1 వాట్ రెసిస్టర్ (కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క) ఒకటి టంకం పెడితే కరెంటు 0.3 యాంపియర్ చుట్టూ నిలుస్తుంది. సెల్లులోని శక్తిలో మూడో వంతు ఆ రెసిస్టర్ వేడికే పోతుంది, నిజమే. ఇంజనీరు ముఖం చిట్లిస్తాడు. అయితే సెల్లు దిగేకొద్దీ లైటూ మెల్లగా దిగుతుంది, మనిషికి తెలుస్తుంది. చేను లైటుకి ఆ దుబారా నాకు సమ్మతమే. రెసిస్టర్ ఎందుకులే అని నేరుగా కలిపేవాళ్లూ ఉన్నారు. మామూలు కార్బన్ సెల్లులతో కొన్నాళ్లు నడుస్తుంది, ఎందుకంటే వాటి లోపలి నిరోధమే కరెంటుని ఆపుతుంది. ఆల్కలైన్ సెల్లులు వేసిన రోజున మాడిపోతుంది. ఇంకోటి: తీగ బల్బుకి సెల్లులు తిరగేసినా పట్టింపు లేదు, ఎల్‌ఈడీకి ఉంది. వెలగలేదని బల్బు పారేసే ముందు సెల్లులు తిప్పి చూడాలి.

అద్దం, అంటే బల్బు చుట్టూ ఉండే మెరిసే గిన్నె, దాని సంగతి దీనికన్నా రంజుగా ఉంటుంది. పాత టార్చి అద్దం చిన్న తీగ చుట్టుకోసం, ఆ తీగ అన్ని వైపులా చిమ్మే వెలుగుకోసం మలిచింది. ఎల్‌ఈడీ ముందుకే చిమ్ముతుంది, అద్దం లోతట్టు భాగానికి వెలుగే తగలదు. పైగా ఎల్‌ఈడీ రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చుంటే గోడ మీద గారెలాంటి వలయం పడుతుంది, నడిమధ్య చీకటి. తల తిప్పి ఫోకస్ సర్దుకునే టార్చి అయితే బతికిపోతాం. గుత్తిగా తొమ్మిది చిన్న ఎల్‌ఈడీలు పొదిగిన బల్బులు మాత్రం దూరం లైటుకి పనికిరావు. అన్నీ ఒకే బిందువులో ఉండలేవు కాబట్టి దగ్గర్లో ధారాళంగా వెలిగి, యాభై అడుగుల అవతల చేతులెత్తేస్తాయి. లైటు ఎంత దూరం పోతుందో చెప్పేది క్యాండెలాలు, అంటే ఒక దిక్కుకి చిమ్మే వెలుగు బలానికి కొలత. 10,000 క్యాండెలాలుంటే లెక్క ప్రకారం 200 మీటర్లు. రెట్టింపు దూరం పోవాలంటే నాలుగింతలు కావాలి. ఒక్క చిన్న ఎల్‌ఈడీ, వెడల్పాటి పాత అద్దం కుదిరితే కొత్త ప్లాస్టిక్ లైట్లు చాలావరకు వాటి ముందు తేలిపోతాయి.

రంగు గురించి అమ్మేవాళ్లు నోరు మెదపరు. చవక ఎల్‌ఈడీ వెలుగు నీలంగా ఉంటుంది, అందులో ఎరుపు తక్కువ. ఎండుటాకుల్లో గోధుమరంగు రక్తపింజరి చుట్టచుట్టుకుని ఉంటే ఆకుకీ పాముకీ రంగు తేడా ఆ వెలుగులో చెరిగిపోతుంది. పాత తీగ బల్బు గుడ్డిదే కానీ రంగులు ఉన్నవున్నట్టు చూపేది. వెలుగు రంగుని కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం. కొనేటప్పుడు 6500 కెల్విన్ వదిలి 4000 ఉన్నది అడగండి, వెలుగు కాస్త తగ్గినా సరే.

వేడి విషయం సూటిగానే ఉంది. తీగ బల్బు వేడి ఎక్కువగా వెలుగుతోపాటే ముందుకు పోతుంది, ఎల్‌ఈడీ వేడి వెనక్కి దిగాలి. ప్లాస్టిక్ అద్దానికి బిగించిన బల్బులో 1 వాట్ దాటడం దండగ. మూడు వాట్లని, అయిదు వాట్లని రాసినవి నిమిషాల్లో వేడెక్కి మసకబారతాయి. ఇక అట్టపెట్టె మీద 10,000 ల్యూమెన్లని అచ్చేసే లైట్లున్నాయి. దానికి 100 వాట్లు కావాలి. లోపలున్న ఒక్క లిథియం సెల్లు దాచేది 9 వాట్-గంటలు, అంటే 9 వాట్లు గంటసేపు. నిజంగా అంత వెలిగితే ఆరు నిమిషాలు కూడా రాదు.

మరి కొత్త చార్జింగ్ లైటు కొనుక్కోక ఈ తంటా ఎందుకంటారా? సంతల్లో అమ్మే చవకరకం చాలావాటిలో ఉండేది 4 వోల్టుల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ. దాన్ని చార్జింగ్ లేకుండా రెండు నెలలు మూల పడేస్తే లోపలి పలకలు గట్టిపడిపోతాయి, మళ్లీ చార్జింగ్ పట్టదు. విప్పి మార్చుకుందామంటే మూత అతికించి ఉంటుంది. ఇత్తడి టార్చి అలా కాదు, మూత తిప్పితే ఊడుతుంది, ఊడిన ప్రతి ముక్కా శుభ్రం చేసుకోవచ్చు. దానికి ఉన్న శత్రువు ఒక్కటే, లోపల మరచిపోయిన సెల్లు. కార్బన్ సెల్లు పైతొడుగు జింకే, కరెంటు ఇచ్చేదీ అదే. అరిగేకొద్దీ చిల్లుపడి రసం కారి, ఇత్తడిని తినేస్తుంది. గొట్టం లోపల గోడ తినేసి ఉంటే ఎల్‌ఈడీ కొనకండి, ఆ డబ్బు మిగుల్చుకోండి.