కప్పు అంచు దగ్గరే తెలుస్తుంది

రెండేళ్ల కింద హైదరాబాద్‌లోనే, చేత్తో మట్టి పాత్రలు చేసే ఒక స్టూడియోలో 850 రూపాయలు పెట్టి కప్పు కొన్నాను. ఒంటినిండా వేలిముద్రలు, కావాలని ఒక పక్కకి వంచిన ఆకారం, కిందికి కారి ఆగిపోయిన నీలం గ్లేజ్, అంటే మట్టి మీద గాజులా మెరిసే పూత. షెల్ఫ్‌లో ఉన్నప్పుడు కళ్లు తిప్పుకోలేకపోయాను. ఇంటికొచ్చి చాయ్ పోసుకుంటే అంచు పెదవికి గరుగ్గా తగిలింది, పిడిలో ఒక్క వేలే పట్టింది, ఆ వేలూ కాలింది. నాలుగు రోజులు చూసి మళ్లీ పాత స్టీలు గ్లాసుకే వచ్చేశాను.

ఇలాంటివాటిని ఎక్స్‌ప్రెసివ్ అని అమ్ముతున్నారు. నా అభ్యంతరం ఆ మాట మీదే. వాడుకునే వస్తువు చేసేవాళ్లకి తమ మనసు చూపించుకోవడానికి చోటు చాలానే ఉంది, కానీ అది ఎక్కువగా అంచు ఎంత పల్చగా లాగారు, బరువు ఎక్కడ ఉంచారు, పిడిలో ఎన్ని వేళ్లకి సందు వదిలారు అన్న నిర్ణయాల్లో ఉంటుంది. అదీ తేలిక కాదు. మట్టి ఆరి, కాలి, చేసినదానికన్నా సుమారు పది శాతం పైనే కుదించుకుపోతుంది, అంటే కుమ్మరి సారె మీద పచ్చిగా ఉన్నప్పుడే చివరికి చేతిలోకి వచ్చే కప్పుని ఊహించుకుని పెద్దది చేయాలి.

మన ఇళ్లలోనే చూడండి. ఎండాకాలం రోడ్ల పక్కన అమ్మే రంజన్, అదే మంచినీళ్ల కుండ, తక్కువ వేడిలో కాలుతుంది కాబట్టి మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి, నీళ్లు వాటిలోంచి బయటికి ఊరి ఆవిరవుతూ లోపలి నీళ్లని చల్లబరుస్తాయి. ఆవకాయ జాడీ దీనికి పూర్తిగా ఎదురు. సుమారు 1200 డిగ్రీల వేడిలో మట్టి రాయిలా బిగిసిపోతుంది, పైన గాజులాంటి గ్లేజ్, అందుకే ఉప్పూ పులుపూ నూనే ఏడాదంతా ఉన్నా దాన్ని ఏమీ చేయలేవు. రెండింటి ఆకారమూ వాటి పనిలోంచే వచ్చింది, రెండూ అందంగానే ఉన్నాయి. (850 రూపాయల కప్పుకి నోరెత్తని మనం రంజన్ దగ్గర ఇరవై రూపాయలకి బేరమాడతాం. నేనూ ఆడాను, ఇప్పుడు బాధగా ఉంది.)

పాండిచ్చేరిలో 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మన దేశంలో స్టూడియో పాటరీకి, అంటే ఇలా చిన్న స్టూడియోల్లో చేత్తో మట్టి పాత్రలు చేసే పనికి, దారి చూపిన చోటు. అక్కడ నేర్చుకుని శిల్పాల వైపు వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు, అయినా ఆ చోటు నిలబడింది కప్పులు, ప్లేట్లు, గిన్నెల మీదే. ఒకే కప్పుని యాభైసార్లు చేస్తే చేతిలో టెన్షన్ పోతుంది, అప్పుడు అంచులో వచ్చే చిన్న వంపు చేసిన మనిషిది అవుతుంది. మొదటి కప్పుకే కావాలని పెట్టిన వంకర అలా కాదు, అది పక్క స్టూడియోలోనూ దొరుకుతుంది.

ఇక హైదరాబాద్ సంగతి. ఇక్కడ చాయ్ అంటే సాసర్ కూడా. ఇరానీ హోటల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ సాసర్లోకి ఒంపుకుని ఊదుకుంటూ తాగుతారు, కానీ స్టూడియోల్లో నేను చూసిన సాసర్లు చాలావరకు బల్లపరుపుగా, కప్పు కింద పెట్టడానికి తప్ప దేనికీ పనికిరాకుండా ఉన్నాయి. మా కాలనీలో ఒకావిడ మాత్రం తాగడానికే సాసర్ చేద్దామని కూర్చున్నారు. మొదటి విడతలో చాయ్ అంచు కిందనుంచి కారి చొక్కా మీద పడేది, అందుకని అంచుని కాస్త పైకి లేపి పెదవి తగిలేచోట పల్చన చేశారు, లోతు పెంచారు, వేడి తగలకుండా పట్టుకోవడానికి అడుగున పాదం, అంటే సాసర్ నిలబడే గుండ్రటి అంచు, ఎత్తు చేశారు. అడుగులో మట్టిని మధ్యనుంచి బయటికి లాగినప్పుడు చుట్టలు చుట్టుకుంటూ పడ్డ వేలి గీత ఉంటుంది, దాన్ని నున్నగా చేసెయ్యొచ్చు, ఆవిడ చెయ్యరు. చాయ్ అయిపోయేకొద్దీ ఆ గీత బయటపడుతుంది, చివరి గుటక అందులోనే నిలుస్తుంది.