లెక్క చెరువు గట్టు మీదే తెగిపోతోంది
రొయ్య ఏ చెరువులో పెరిగిందో కొనేవాడికి తెలిస్తే రైతుకు మంచి ధర వస్తుందని మీ వ్యాసంలో రాశారు. అది నిజం కావాలనే నాకూ ఉంది, కానీ మా శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి వైపు ఏ సరుకు ఏ చెరువుదన్న ఆ లెక్క చెరువు గట్టు మీదే తెగిపోతోంది. మాది రెండెకరాల వనామి రకం రొయ్యల చెరువు. సీడ్ (రొయ్య పిల్లల) బిల్లు, మేత బిల్లులు, నీటి పరీక్షల కాగితాలు అన్నీ దాచాం, యాంటీబయాటిక్ అన్నది చెరువులో పడనివ్వలేదు. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, కొనుగోలు ఏజెంటు మా సరుకునీ, ఇంకో ఇద్దరి సరుకునీ ఒకే బండిలో, ఒకే ఐసులో కలిపేశాడు. రొయ్యలు శుద్ధి చేసే ప్లాంటులో ఆ లోడు పరీక్షలో ఫెయిలైంది. తప్పు ఎవరి చెరువుదో తేలలేదు గానీ, డబ్బు ముగ్గురికీ నెలల తరబడి ఆగిపోయింది. ఆ టెన్షన్‌లో మా నాన్న సరిగా నిద్రపోలేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే నిషేధిత యాంటీబయాటిక్‌ల ఆనవాలు దొరికితే యూరప్ సరుకు వెనక్కి పంపుతుంది. అమెరికా కూడా 2018 చివరి నుంచి దిగుమతి రొయ్యలకు ఎక్కడ పెంచారు, ఎక్కడ పట్టారు అన్న వివరాలు అడుగుతోంది. అడగడం న్యాయమే, తినేది మనుషులు కదా. పట్టుబడికి ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ల్యాబుల్లో పరీక్ష చేయించుకునే వీలుంది. ఆ తర్వాత ఒక్కో చెరువు సరుకును విడిగా క్రేట్లలో పెట్టి, చెరువు నంబరు చీటీ కట్టి, అదే నంబరు రైతు రసీదు మీద రాయించండి. మా ఊళ్లో రసీదే ఇవ్వరు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో), కిలోలు చిత్తుకాగితం మీద రాసి చేతిలో పెడతారు.