మీ ఇంట్లో అనుభవం ఉంది కదా!

ఈరోజు ఉదయం పదకొండు గంటలకు మా కార్యాలయంలో విజిలెన్స్ అవగాహన వారోత్సవాల ప్రతిజ్ఞ జరిగింది. ఏటా సర్దార్ పటేల్ జయంతి వచ్చే వారంలో జరిగే తంతే కనుక ఫైళ్లు మూసి, వరండాలో వరుసగా నిలబడి, కుడి చేతులు ముందుకు చాచాము. ప్రతిజ్ఞ చదివించవలసిన అధికారి ఇంకా రాలేదు. ఈలోపు మా సెక్షన్ సూపరింటెండెంటుగారు నా వైపు తిరిగి, "మేడమ్, మీరు ముందు వరుసలోకి రండి, మీ ఇంట్లో అనుభవం ఉంది కదా!" అన్నారు. నలుగురు నవ్వారు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా నిండని అమ్మాయి ఒకతె, ఎందుకు నవ్వాలో తెలియకపోయినా, పెద్దవాళ్లు నవ్వుతున్నారు కదా అని తానూ నవ్వింది. తరువాత అధికారి వచ్చారు. అవినీతి నా దృష్టికి వస్తే తగిన సంస్థకు తెలియజేస్తానని అందరితో పాటు నేనూ పలికాను. ఫొటో తీశారు, సమోసాలు పంచారు. నాకు గొంతు దిగలేదు.

ఆ "అనుభవం" ఏమిటో తెలియని వారి కోసం చెబుతున్నాను. మావారు రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఒకదానిలో సహాయ ఇంజనీరు. కట్టని కల్వర్టుకు, జరిగిన పనుల లెక్క రాసే ఎం-బుక్‌లో కొలతలు ఎక్కించి సంతకం పెట్టమంటే పెట్టలేదు. పెట్టకుండా ఊరుకుంటే సరిపోయేదని మా అత్తయ్యగారు పోయేదాకా అంటూనే ఉన్నారు. ఆయన ఊరుకోక, 2018లో పైవారికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశారు. ఆకాశరామన్న ఉత్తరాలను బుట్టలో వేస్తారని తెలుసు కనుక పేరు, హోదా, సంతకం, తేదీ అన్నీ పెట్టి మరీ రాశారు. మూడు వారాలు తిరగకుండానే ఆ ఉత్తరం, మార్జిన్‌లో ఆకుపచ్చ సిరాతో "విచారించి నివేదిక పంపగలరు" అన్న రాతతో సహా, ఎవరి మీద రాశారో ఆ అధికారిగారి బల్ల మీదికే వచ్చి చేరింది. ఆయన మావారిని పిలిపించి, కుర్చీ చూపించి, టీ తెప్పించి, ఆ కాగితాన్ని మెల్లగా ఇటు తిప్పి, "మీ దస్తూరీ చాలా బాగుంటుందండీ" అన్నారట. తిట్టలేదు, బెదిరించలేదు, దస్తూరీ మెచ్చుకున్నారు. ఆ రాత్రి మావారు అన్నం ముందు కూర్చుని తన చేతిని తానే చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఇలా పేరు బయటపడటం ఏదో గుమాస్తా పొరపాటు అనుకునే అమాయకులు ఎవరైనా ఉంటే సత్యేంద్ర దూబే సంగతి గుర్తు చేసుకోండి. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, కోడెర్మాలో స్వర్ణ చతుర్భుజి రహదారి పనులు చూస్తున్న ఆ ఇంజనీరు, పనుల్లో జరుగుతున్న అక్రమాల గురించి 2002 నవంబరులో నేరుగా ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని ప్రత్యేకంగా వేడుకున్నారు. ఆ ఉత్తరం పేరుతో సహా మంత్రిత్వ శాఖకు, అక్కడి నుంచి ఆయన పనిచేసే జాతీయ రహదారుల సంస్థకే దిగివచ్చింది. ఏడాది తిరిగాక, 2003 నవంబరు 27 తెల్లవారుజామున, ఒక పెళ్లికి వెళ్లి వచ్చి గయ స్టేషన్లో దిగి రిక్షాలో ఇంటికి పోతుండగా ఆయనను కాల్చి చంపారు. దోపిడీ కోసం చేసిన హత్య అని సీబీఐ తేల్చింది, 2010లో ముగ్గురికి జీవిత ఖైదు పడింది. దొంగలే చంపారనుకుందాం. నమ్మి చెప్పిన పేరును ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి జరిపినవారిని మాత్రం ఏ శిక్షాస్మృతి కింద ఏమని పిలవాలో నాకు తెలియదు.

మావారిని ఎవరూ కాల్చలేదు. మొదట 180 కిలోమీటర్ల దూరానికి బదిలీ చేశారు, తరువాత పై అధికారుల అనుమతి లేకుండా నేరుగా ఉత్తరం రాసినందుకు ప్రవర్తనా నియమావళిని ఉల్లంఘించారని ఛార్జి మెమో ఇచ్చారు, ఆ తరువాత సస్పెండ్ చేశారు. కల్వర్టు కట్టలేదని రాస్తే, కల్వర్టు సంగతి వదిలేసి ఉత్తరం ఎందుకు రాశావని విచారణ జరిపిన ఘనులు వీరు. జీవన భృతి పేరిట సగం జీతం ఇచ్చేవారు. ఆ సగం కోసం ప్రతి నెలా, తాను వేరే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయడం లేదని ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. పదకొండు నెలల పాటు, అదే మెచ్చుకోదగిన దస్తూరీతో, "నేను ఎక్కడా పని చేయడం లేదు" అని రాసుకుని, సంతకం పెట్టి, ఎండలో తీసుకుపోయి ఇచ్చి వచ్చేవారు. ఇంట్లో పెట్టె తెరిస్తే ఆ నకళ్లు ఇప్పటికీ పిన్ను తుప్పుతో పాటు ఉన్నాయి.

ఆ మధ్యలోనే మా అమ్మాయికి మంచి సంబంధం వచ్చి తప్పిపోయింది. అబ్బాయి మేనమామ ఫోను చేసి, "సస్పెండ్ అయ్యారట కదండీ?" అని మాత్రమే అడిగారు. ఎందుకు అని అడగలేదు. లంచం తిన్నవాడూ సస్పెండే, లంచం గురించి రాసినవాడూ సస్పెండే, ఊరికి వినిపించేది ఆ ఒక్క మాటే.

ఇక హర్యానా ఐఏఎస్ అధికారి అశోక్ ఖేమ్కా గురించి మీరంతా పోస్టులు పెడుతుంటారు కదా, 1991 బ్యాచ్, 2025 ఏప్రిల్‌లో పదవీ విరమణ చేసేనాటికి 57 బదిలీలు, సెల్యూట్, చప్పట్లు అని. ఒక్క బదిలీకే మా ఇంట్లో గ్యాస్ కనెక్షన్, పిల్లవాడి టీసీ, పాలవాడి బాకీ, అద్దె ఇంటి అడ్వాన్సు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. 57 అనే అంకె చూసినప్పుడు నాకు నిజాయితీ గుర్తు రాదు, అట్టపెట్టెలు గుర్తొస్తాయి.

చట్టం ఉంది కదా అని ఓదార్చేవారికి ఒక మాట. ప్రజావేగుల, అంటే అక్రమాలను బయటపెట్టేవారి, రక్షణ చట్టాన్ని 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ ఆమోదించింది, మే నెలలో రాష్ట్రపతి సంతకం పడింది, అమల్లోకి వచ్చే తేదీని మాత్రం ప్రకటించలేదు. అమలు కాని చట్టాన్ని సవరించడానికి 2015లో లోక్‌సభ మళ్లీ ఒక బిల్లును ఆమోదించింది, అదీ తరువాత మురిగిపోయింది. పుట్టని బిడ్డకు బారసాల అంటే ఇదే. ఆ చట్టంలోనూ పేరు లేని ఫిర్యాదు చెల్లదు, తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే రెండేళ్ల దాకా జైలు. ఈలోపు దిక్కు, ఇలాంటి రహస్య ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం 2004లో చేసిన తీర్మానమే. దాని పోస్టరు మా వరండా గోడ మీద, సరిగ్గా ప్రతిజ్ఞ చేసిన చోటనే అతికించి ఉంది. దాని ప్రకారం రహస్య ఫిర్యాదు పంపే కవరు మీద అది ఆ రకం ఫిర్యాదని పైకి కనబడేలా రాయాలి. మా ఊరి పోస్టాఫీసు కౌంటరులో అలాంటి కవరు ఇస్తే సాయంత్రానికి కిళ్లీకొట్టు దాకా తెలిసిపోతుంది. పైగా అది కేంద్ర ప్రభుత్వ, కేంద్ర సంస్థల ఉద్యోగుల అక్రమాలకే, మావారి శాఖ దాని పరిధిలోకే రాదు.

అసలు నా కోపం ఆ నవ్వు మీద. అది ఈనాటిది కాదు. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిల్‌లో మాస్కులు లేవని నోరు తెరిచి సస్పెండయ్యారు. మే 16న విశాఖపట్నం నడిరోడ్డు మీద ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి పోలీసులు లాక్కెళ్లారు. తాగి గొడవ చేశారని పోలీసులు అన్నారు, మానసిక వైద్యశాలకు పంపారు, హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. మరుసటి ఏడాది మే 21న ఆయన గుండెపోటుతో పోయారు. ఆ రోడ్డు మీది వీడియోను మా కార్యాలయం గ్రూపులో పెట్టి, కింద పడీ పడీ నవ్వే బొమ్మలు మూడు జోడించినవారు ఈ సూపరింటెండెంటుగారే. మావారు నా ఫోనులో ఆ వీడియో చూసి, ఫోను బోర్లా పెట్టి, లేచి బయటికి వెళ్లిపోయారు. నేను ఆ రోజు గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు. సగం జీతం ఇంట్లో ఇంకొకరి ఉద్యోగం కూడా పోతే ఎలా అని భయపడ్డాను. ఈ ఉదయం కూడా ఏమీ అనలేదు.

మధ్యాహ్నం ఇంకో ఆదేశం వచ్చింది. అందరూ ఆన్‌లైన్లో కూడా ప్రతిజ్ఞ చేసి, వచ్చిన సర్టిఫికెట్లను ఐదు గంటల లోపు గ్రూపులో పెట్టాలట. తెరిచి చూశాను. మొట్టమొదట అడిగింది పేరు, ఆ తరువాత ఫోను నంబరు. మూసేశాను. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకు సూపరింటెండెంటుగారి నుంచి మూడో మెసేజి వచ్చింది: "మేడమ్, అందరివీ వచ్చాయి, మీది ఒక్కటే పెండింగ్." ఉండనివ్వండి సార్. మావారి రెండు ఇంక్రిమెంట్లు కూడా పెండింగ్‌లోనే ఉన్నాయి.