సంగీత డాక్యుమెంటరీ గారికి ఓరుగల్లు నుండి ఒక విన్నపం

మహారాజశ్రీ సంగీత డాక్యుమెంటరీ చిత్రం గారి సముఖమునకు,

హనుమకొండ నుండి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరమూ క్షేమం. మా డోళ్లూ డప్పులూ తాళాలూ కూడా క్షేమమే. ఈ రెండో మాట ప్రత్యేకించి ఎందుకు రాయవలసి వచ్చిందంటే, తమరు మా వైపు వచ్చి వెళ్లిన ప్రతిసారీ, ఆఖరున నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో, మా కళ చివరి ఘడియల్లో ఉన్నదని చాటుతున్నారు. అది చూసి దూరపు చుట్టాలు కంగారుపడి ఫోన్లు చేస్తున్నారు. డోలు కొడుతూ గొల్ల కురుమల దేవుళ్ల కథలు చెప్పే ఒగ్గు పూజారులకు మాత్రం ఆ సంతాప ప్రకటన చదివే తీరిక దొరకడం లేదు. సంక్రాంతి మొదలు ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర, ఊరూరా బీరప్ప పండుగలు, దేవుడి ముందు రంగుల ముగ్గులు పరిచే పెద్ద పట్నాలు, వీటి మధ్యలో ఏ మంత్రి గారు ఏ భవనానికి రిబ్బను కత్తిరించడానికి వచ్చినా ఎదురేగి వాయించవలసిన ఒగ్గుడోళ్లు. అంతరించిపోవడానికి ఒక్క ఆదివారమైనా ఖాళీ ఉంటే కదా!

తమరి పెద్దలను మేము ఎరుగుదుము. 1948లో పుట్టిన ఫిలిమ్స్ డివిజన్ వారి చిన్న చిత్రాలను అసలు సినిమాకు ముందు వేసి తీరాలని హాళ్లకు నిబంధన ఉండేది గనుక, మా తండ్రుల తరం బయట నిలబడి తీరుబడిగా బీడీ కాల్చుకోవడానికి అవి ఎంతగానో తోడ్పడ్డాయి. 2022లో ఆ సంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. తమరు మాత్రం ఆ నిరాదరణ నుండి బయటపడి, డ్రోన్లు ఎగరేసుకుంటూ, పోస్టరు నిండా విదేశీ ఉత్సవాల ఆకుల దండలు వేసుకునే స్థాయికి ఎదిగారు. సంతోషం.

తమరి రాక మాకు ముందు ఆకాశంలోనే తెలుస్తుంది. కథానాయకుడు ములుగు అవతలి పల్లెవాడైనా, భూపాలపల్లి బొగ్గుగనుల పక్క బస్తీవాడైనా సరే, చిత్రం మాత్రం ఖిలా వరంగల్ కీర్తి తోరణాల మీదుగానే మొదలు కావాలి. కాకతీయుల రాళ్ల మీద నుండి కెమెరా మెల్లగా జారి భద్రకాళి చెరువు మీదికి వచ్చేసరికి, గంభీరమైనదేదో రాబోతున్నదని చూసేవాడు సర్దుకుని కూర్చుంటాడు. ఆ తరువాత కళాకారుడి ఇల్లు. అక్కడ తమరు చేసే మొదటి పని ఆ ఇంటిని నలభై ఏళ్లు వెనక్కి తీసుకుపోవడం. ప్లాస్టిక్ కుర్చీలు పెరట్లోకి పోతాయి, పక్కింటి నుండి నులకమంచం వస్తుంది. ఫ్రిజ్ మీద దుప్పటి పడుతుంది. ఎమ్మెల్యే గారు ఆయనకు శాలువా కప్పుతున్న ఫ్లెక్సీని గోడ మీద నుండి దింపి, చుట్టి, మూలకు నిలబెడతారు. బృందం తిరిగే బొలేరోను, అద్దం మీద ఆయన పేరూ ఫోన్ నంబరూ పెద్ద అక్షరాలతో ఉంటాయి గనుక, వీధి చివరకు తోలిస్తారు. ఇక ఆయన పొద్దుగూకే వేళ డోలు భుజానికి తగిలించుకుని చెరువు కట్ట మీద ఒంటరిగా నడవాలి. ఆ కట్ట పట్టుకుని ఆయన ఏ ఊరికి కథ చెప్పబోతున్నాడని అడిగిన ప్రేక్షకుడు ఇంతవరకు లేడు. ఆ దిక్కున ఊరే లేదని మాకు తెలుసు గనుక మేమూ అడగము.

డప్పు సంగతి వేరుగా చెప్పుకోవాలి. వాయించే ముందు డప్పును గడ్డి మంట దగ్గర కాస్తారని, కాస్తే తోలు బిగిసి గట్టిగా పలుకుతుందని తమరికి ఎవరో చెప్పారు. అప్పటి నుండి తమరికి డప్పు కన్నా మంట మీద మోజు పెరిగింది. ఒక చిత్రీకరణ నేను దగ్గర నిలబడి చూశాను. కాచేవాడు బొటనవేలితో తోలును మీటి, చెవి ఆనించి, చాలునని లేవబోయాడు. వెలుతురు ముఖం మీద పడలేదు, మంట పెంచమన్నారు. మళ్లీ కాచాడు. ఈసారి పొగ అడ్డొచ్చింది. మళ్లీ. "ఇంకెన్నిసార్లు కాపాలె సారూ, తోలు పలుగుతది" అని అతను అంటూనే ఉన్నాడు, ఆ మాట కూడా చాలా సహజంగా వచ్చిందని దర్శకుడు మెచ్చుకున్నాడు. తోలు పలిగింది. ఆ మంట, ఆ చేతులు, పైకి లేచిన నిప్పురవ్వలు చిత్రంలో నెమ్మదిగా, ఎంతో అందంగా వచ్చాయి. వాటి కింద వినిపించింది మాత్రం పియానో. ఎడమచేతి సిటికెన పుల్ల, కుడిచేతి చిర్ర కలిసి ఏం చేస్తాయో ఆ చిత్రం చూసినవాళ్లకు ఈనాటికీ తెలియదు.

అజ్ఞాత కళాకారుణ్ని కనిపెట్టడమన్నది తమరికి పాత జబ్బు. 2013లో ఆస్కార్ గెలుచుకున్న 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' సంగతే చూడండి. డెట్రాయిట్‌కు చెందిన రోడ్రిగ్జ్ 1970లో ఒకటి, 1971లో ఒకటి ఆల్బమ్ చేశాడు, అమెరికాలో ఎవరూ కొనలేదు, ఆయనకు తెలియకుండానే దక్షిణాఫ్రికాలో ఆయన పాటలు ఇంటింటా మోగాయి, వేదిక మీదే చనిపోయాడని పుకారు పుట్టింది, చివరకు అభిమానులు వెతికి పట్టుకున్నారు. ఇదంతా నిజమే, కళ్లు చెమర్చే కథే. అయితే ఆ మనిషి 1979లోనూ 1981లోనూ ఆస్ట్రేలియాలో ఊరూరా తిరిగి కచేరీలు చేశాడన్న ముచ్చట చిత్రంలో లేదు. కథకు అడ్డొచ్చిందని ఒక ఖండాన్నే కత్తిరించి పారేయడం తమరికే చెల్లింది. మాకు ఖండాలు లేవు గనుక మా దగ్గర మండలాలు తీసేస్తున్నారు. పది మండలాల్లో పేరున్న కథకుణ్ని పట్టుకుని 'ప్రపంచం మరిచిన గొంతు' అంటారు. ఒగ్గు కథలో పేరుమోసిన మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారు 2017లో, హన్మాజీపేట మిద్దె రాములు గారు 2010లో కన్నుమూశారు. వాళ్లు కథ చెబుతున్నారంటే తెల్లవార్లూ కదలకుండా కూర్చున్న జనం ఈ ప్రపంచంలోని వాళ్లు కారా?

న్యాయం మాట్లాడుకుందాం. 'చివరివాడు' అన్న మాట ప్రతిచోటా అబద్ధం కాదు. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలో పాడిన సకిని రామచంద్రయ్య గారు 2022లో పద్మశ్రీ అందుకుని, 2024లో వెళ్లిపోయారు. ఆ కథను అంత జ్ఞాపకంతో చెప్పగలిగేవాళ్లు నిజంగానే తక్కువ. అలాంటి చోట తమరి వంటివారు చేయవలసిన పని ఒక్కటే, కూర్చుని కథంతా పట్టుకోవడం. తమరు పట్టుకున్నవి ముఖం మీది ముడతలు. గోండుల గుస్సాడీ నాట్యానికి పద్మశ్రీ తెచ్చిన మార్లవాయి కనకరాజు గారు కూడా 2024లోనే పోయారు. అయితే ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు ఉన్నారు, దీపావళి రోజుల్లో ఆదిలాబాద్ గూడేలలో దండారీ నాట్య బృందాలు ఒక ఊరి నుండి ఇంకో ఊరికి పోతూనే ఉన్నాయి. ఆ రోజుల్లో మాత్రం తమరికి కుదరదు, పండుగ సెలవులకు తమరు ముంబై పోతారు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. సంగీతం మీద తీసిన చిత్రంలో ఒక్క పాటైనా చివరిదాకా ఎందుకు ఉండదు? ఒగ్గు కథ ఒక రాత్రిలో తెమిలేది కాదు. ప్రధాన కథకుడు ఎత్తుకుంటాడు, వంతపాటగాళ్లు అందుకుంటారు, డోలు ఒక దెబ్బ వెనక్కి తగ్గి మళ్లీ ముందుకు ఉరుకుతుంది, నవ్వించేవాడు మధ్యలో దూరి ఎదుట కూర్చున్న సర్పంచి మీద జోకు వేస్తాడు, మళ్లీ కథ. ఎక్కడ ఏడిపించాలో ఎక్కడ ఆపాలో జనం ముఖాలు చూసి నిర్ణయించుకునే విద్య అది. తమరి చిత్రంలో మల్లన్న గుర్రమెక్కుతాడు, డోలు లేస్తుంది, సరిగ్గా అప్పుడు పుస్తకాల బీరువా ముందు కూర్చున్న ప్రొఫెసర్ గారు అందుకుంటారు. మౌఖిక సంప్రదాయం ఎంత గొప్పదో ఆయన వివరిస్తుండగా, ఆ మౌఖిక సంప్రదాయం వెనకాల నోరు మాత్రం కదుపుతూ కనిపిస్తుంది. ప్రొఫెసర్ గారు నాకు ఎంతో గౌరవనీయులు. ఆయన మీద కోపం లేదు. గుర్రమెక్కిన మల్లన్న దిగాడా లేదా అన్నదే నా బెంగ.

స్వతంత్ర సంగీతకారులంటే తమరికి ఎనలేని ప్రేమ కదా, మరి కరీంనగర్, హనుమకొండ గల్లీల్లోని రికార్డింగ్ గదుల మెట్లెక్కరేం? ఏ పెద్ద కంపెనీ పెట్టుబడీ లేకుండా, పొలం పనికి పోయే ఇంటి ఆడపిల్ల వచ్చి మైకు ముందు నిలబడుతుంది, పాట యూట్యూబ్‌లోకి ఎక్కుతుంది, వెనకే దాని డీజే వెర్షన్ వస్తుంది, ఆపై పెళ్లి బారాత్‌లలో వధూవరుల తరఫు వాళ్లందరూ దానికే ఎగురుతారు. పాట మాదంటే మాదని ఇద్దరు రచయితలు కొట్లాడుకుంటారు, ఇది మా అమ్మమ్మ నాట్లేసేటప్పుడు పాడిందని మూడో ఊరు నుండి ఒకాయన దిగుతాడు. తీన్మార్ ప్యాడ్ల మీద ఒగ్గు దరువు వాయించే కుర్రాళ్లు ఉన్నారు. ఇంతటి గొడవ ఉన్నచోట ఒక డాక్యుమెంటరీ లేకపోవడం విచిత్రం. కారణం నేను ఊహించగలను. ఆ గదిలో ఏసీ ఉంది, గాయనికి చందాదారులు ఉన్నారు, ఎవరూ చచ్చిపోవడం లేదు.

తమరి వంశంలోనే దీనికి విరుగుడు ఉంది. లాస్ ఏంజెలెస్‌లో పంక్ రాక్ సంగీతం వాయించే కుర్రాళ్లను దర్శకురాలు పెనెలోపీ స్ఫీరిస్ 1979-80లో, వాళ్లు ఇంకా ఒకరినొకరు తోసుకుని కేకలు పెడుతున్నప్పుడే తీశారు. 1981లో ఆ చిత్రం విడుదలైతే, దాన్ని మళ్లీ వేయవద్దని నగర పోలీసు అధిపతి లేఖ రాశాడు. పోలీసులకు కోపం తెప్పించే స్థాయి చిత్రం మా సంగీతం మీద ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నాము. మన వైపు పోలీసులు సిద్ధంగానే ఉన్నారు, 2024లో హైదరాబాద్ ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు కూడా. ఇక తమరిదే ఆలస్యం.

డబ్బు మాట ఎత్తితే కళను అవమానించినట్లవుతుందని తమరు అంటారు గనుక తొందరగా ముగిస్తాను. నేపథ్యంలో ఎక్కడో రేడియోలో మోగే సినిమా పాట నాలుగు సెకన్లు వినబడితే, దాని కంపెనీకి భయపడి డబ్బు కట్టడమో, ఆ ముక్క కోసేయడమో చేస్తారు. డోలు వాయించేవాడి చేత మాత్రం ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుని శాలువా కప్పుతారు. ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద హక్కు ఉన్నదని కాపీరైటు చట్టం 1994 సవరణ నుండి చెబుతూనే ఉన్నది. చిత్రంలో చేర్చడానికి రాసి ఇచ్చినా సరే, ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడితే రాయల్టీ ఇవ్వాలని 2012 సవరణలో 38ఏ సెక్షన్ కూడా వచ్చింది. మా బృందాల ఇళ్లలో ఇప్పటికే ఉన్న శాలువాలతో వరంగల్‌లో ఒక బట్టల దుకాణం తెరవవచ్చు.

ఇంకొకటి. తమరు రోజుల తరబడి చిత్రీకరించి, గంటన్నర ఉంచుకుని, మిగిలిన ముడి రికార్డింగులను ఏం చేస్తున్నారు? 1969 వేసవిలో న్యూయార్క్ హార్లెమ్‌లో జరిగిన నల్లజాతీయుల సంగీతోత్సవాన్ని మొత్తం తీసి, కొనేవాడు లేక దాదాపు యాభై ఏళ్లు అటకెక్కించారు. 2021లో దాన్ని బయటికి తీసి చిత్రం చేస్తే మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చింది. మాకు ఆస్కార్ అక్కర్లేదు. తమరి హార్డ్ డిస్కులో మూలుగుతున్న ఆ రాత్రంతటి కథను ఒక పెన్ డ్రైవ్‌లో వేసి ఆ బృందానికి ఇవ్వండి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు పాఠం అవుతుంది, ప్రొఫెసర్ గారి అడ్డు కూడా ఉండదు.

వచ్చే మాఘమాసంలో మా దగ్గరి ఊళ్లో బీరప్ప పండుగ ఉన్నది. తప్పక దయచేయండి. డ్రోన్ వద్దు, గొర్రెలు బెదురుతాయి. అందరిలాగే బృందం పెద్దకు ముందుగా ఫోన్ చేసి, అడ్వాన్సు పంపి, తారీఖు ఖాయం చేసుకోండి, నంబరు బొలేరో అద్దం మీద ఉన్నది. కథ మొదలైతే తెల్లారేదాకా లేవకూడదు. భోజనాలు మావి. ప్రొఫెసర్ గారిని కూడా తీసుకురండి, కథ అయ్యేదాకా మాట్లాడనని ఒప్పుకుంటే ఆయనకు నల్లి బొక్క వేయిస్తాము.

ఇట్లు,
తమరి చిత్రాల్లో చివరి వరుసలో మసకగా కనిపించే
హనుమకొండ వాసి